నీలం సూట్‌కేసు పిల్ల నా వెంట పడ్డది

జర ముందుకు జరిగి కూసోండ్రి. ఛాయ్ గ్లాసులు పట్టుకునే రండ్రి, ఏం కాదు. చైనాల చదువు మొదలుపెట్టనీకి పోయినప్పుడు దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పుమని మన చర్చి అయ్యగారు అన్నరు. చెప్తా. కాకపోతే అండ్ల సగం సాక్ష్యం, సగం నా ఇజ్జత్ పోయిన ముచ్చట.

నాకు మెడికల్ సీటు వచ్చిందని తెలిసినకాడి నుంచి ఎల్బీనగర్‌ల మా గల్లీ మొత్తం ఒక్కటే పాఠం చెప్పింది: ఎవ్వర్నీ నమ్మకు. అందరికన్న పెద్ద మాస్టరు మా చిన్నాయన. ఆయన జన్మల విమానం ఎక్కలేదు. కానీ చౌరస్తా కాడ బస్సు ఎక్కుకుంట రెండుసార్లు జేబు కొట్టించుకున్నడు. గా అనుభవంతోని నాకు ఇంటర్నేషనల్ ట్రైనింగ్ ఇచ్చిండు.

"చేతి సంచే ముందు గుంజుకపోతరు బిడ్డా. సర్టిఫికెట్లు అండ్ల పెట్టకు. సామాన్ల చీటీ మీద పేరు చదివి, మనోళ్ళ లెక్క పేరు పెట్టి పిలుస్తరు. పలకకు."

అట్లనే చేసిన. టెన్త్ మెమో, ఇంటర్ మెమో, మెడికల్ రిపోర్టు, అన్ని ఒరిజినల్స్ సూట్‌కేసు అడుగున దుప్పటి మడతల్ల దాచిన. చేరిన రోజే సాయంత్రం ఐదు లోపు అవి కౌంటర్‌ల చూపియ్యకుంటే సీటుకు నాది పూచీ కాదని చైతన్యపురి కన్సల్టెన్సీ సారు ముందే చెప్పిండు. అంటే నా డాక్టర్ చదువు మొత్తం ఆ సూట్‌కేసుల ఉన్నది.

సూట్‌కేసు దిల్‌సుఖ్‌నగర్‌ల కొన్న నీలం గుడ్డది. బయలుదేరే ముందు అయ్యగారు ప్రార్థన చేసి, దాని మీద నూనెతోని సిలువ గుర్తు పెట్టిండ్రు. దేవుని కాపుదల ఉంటది, గుర్తుపట్టనీకి కూడ పనికొస్తదని మమ్మీ ఖుషీ.

మధ్యల ఒక విమానం మారి చైనాల గ్వాంగ్‌జౌ ఎయిర్‌పోర్టుల దిగిన. బెల్టు మీద నీలం సూట్‌కేసు వస్తున్నది, మీద నూనె మరక. స్తోత్రం అనుకుంట గుంజిన. మరక సిలువ లెక్క లేదు, జర సాగినట్టున్నది. ఇన్ని సామాన్ల కింద నలిగితే సాగదా మరి? చిన్నాయన మాట యాదికొచ్చి, విమానమోళ్ళు కట్టిన చీటీని చదవకుండనే చింపి చెత్తడబ్బాల వేసిన.

పది అడుగులు వేసిన్నో లేదో, వెనక నుంచి తెలుగు.

"ఏవండీ, కృప గారూ."

తిరిగి చూస్తే కళ్ళద్దాలు పెట్టుకున్న ఒక పిల్ల. దాని చేతుల అచ్చం నాదాని అసువంటి నీలం సూట్‌కేసు. నా పేరు నేను ఎవ్వరికీ చెప్పలేదు. మరి దానికెట్ల తెలిసింది? చిన్నాయన ఎంత గొప్పోడు అనుకున్న. ఆ పిల్ల నా బ్యాగు దిక్కు చేయి చాపి ఏదో చెప్పబోయింది. నేను గట్టిగ, "నో తెలుగు" అని ఉరికిన.

ఇంకో అనుమానం, ఆ పిల్ల కాడ ఆవకాయ వాసన. ఘాటుగ, కొత్త ఆవకాయ. కాలేజున్న ఊరికి పోయే రైలు కోసం స్టేషన్‌ల లైన్ల నిలబడ్డ, వాసన. మెల్లగ చూస్తే వెనక అదే పిల్ల. నాలుగు గంటల ప్రయాణం. రైలు కదలంగనే అది మళ్ళ నా సీటు కాడికొచ్చి, "ఒక్క నిమిషం వినండీ" అన్నది. నేను వినలే. చున్నీతోని సూట్‌కేసును చేతికి కట్టుకొని, రెండు డబ్బాలు దాటిపోయి తలుపు కాడ నిలబడ్డ. అక్కడ కూడ వాసన. దాక్కొని వచ్చింది అనుకున్న. సూట్‌కేసును రెండు చేతులతోని కావలించుకొని, కండ్లు మూసి గట్టిగనే ప్రార్థన చేసిన, ప్రభువా, నా సామాను కాపాడు, ఆ పిల్ల మనసు మార్చు అని. కండ్లు తెరిస్తే ఎదురుంగ అదే పిల్ల. నన్ను పైనుంచి కిందికి చూసి, మెల్లగ దాని సీటుకు పోయింది. చూసిండ్రా ప్రార్థన బలం అనుకున్న!

యూనివర్సిటీ కౌంటర్ కాడికి చేరేసరికి ఐదుకు ఇరవై నిమిషాలు తక్కువ. సూట్‌కేసు కింద పెట్టి నంబరు తాళం తిప్పిన. షాపాయన పెట్టిచ్చిన మూడు సున్నాలు మనం ఎన్నడన్న మారుస్తమా? టక్కున తెరుచుకున్నది.

పైననే పసుపు గుడ్డల చుట్టిన వెంకటేశ్వరస్వామి ఫొటో. దాని పక్కన మూత వదులైన పెద్ద ఆవకాయ డబ్బా. నూనె కారి, గుడ్డల మీదకెళ్ళి పైదాక ఇంకింది. నేను సిలువ అనుకున్న మరక గదే. నాలుగు గంటలు నేను ఏ వాసన నుంచి పారిపోయిన్నో, దాన్నే నా చేతికి కట్టుకొని ఉన్న.

కౌంటర్ మేడం గడియారం దిక్కు చూస్తున్నది. నా సర్టిఫికెట్లు ఏ దేశంల ఉన్నయో తెల్వది. ప్రార్థన కూడ రాలే.

"నో తెలుగు గారూ, ఇదిగోండి మీ బ్యాగు."

కళ్ళద్దాల పిల్ల. దాని చేతుల సూట్‌కేసుకు చీటీ వేలాడుతున్నది, మీద నా పేరు. ఎండిపోయిన సిలువ గుర్తు దగ్గరికి పోతే గానీ కనబడలే. దానికీ ఈ కాలేజేనంట. కొత్తపేటల ఉంటరంట, వాళ్ళది భీమవరం దిక్కు. పేరు లావణ్య.

అడుగునున్న కాగితాలు తీసి మేడం ముంగట పెట్టిన. ముద్ర పడ్డది. ఎయిర్‌పోర్టోళ్ళకు ఇచ్చి పోకుండ, నన్నెందుకు ఓర్చుకున్నవని లావణ్యను అడిగిన.

"అక్కడ ఇచ్చేస్తే మీకు ఎప్పటికి చేరుతుందోనండీ. ఇందులో సర్టిఫికెట్లుంటే మీ సీటేమవ్వాలి? అయినా రైల్లో నా మనసు మార్చమని మీరు తెలుగులోనే అడిగారండీ. కాసేపు నిజంగానే మారింది. వదిలేసి పోదామనుకున్నాను."

నేను ఆవకాయ డబ్బా మూత బిగించి, లావణ్య సూట్‌కేసు లావణ్యకు ఇచ్చిన.

కాబట్టి ఒక్కటి యాదికి పెట్టుకోండ్రి. ఆ పిల్ల ముక్కు మొహం తెల్వని నా సూట్‌కేసును, నేను దొంగను చూసినట్టు చూస్తున్నా, తెరవకుండ, వదలకుండ, టైముకు చేర్చింది. రేపు ఎవరి సామానన్న మీ చేతుల పడితే మీరు కూడ గట్లనే చేయుండ్రి. నేను చేసింది మాత్రం చెయ్యకుండ్రి: ఒకరి సూట్‌కేసు ఎత్తుకపోయి, దాన్ని దొంగల నుంచి కాపాడుమని దేవున్ని అడగొద్దు.