పదకొండో నంబరులో ఎనిమిది పేజీలు

మా మామ విఠల్‌రావు గవర్నమెంటు ఆఫీసులో ముప్పై ఆరేళ్లు బైండరుగా పనిచేశాడు. చినిగిన రిజిస్టర్లు కుట్టి అట్టలు వేయడం ఆయన పని. రిటైరై ఇరవై ఏళ్లయినా శాలిబండలో మా ఇంటి ముందుగదిని ఇంకా ఆఫీసే అనుకుంటాడు. పొద్దున స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, అందులో పోయి కూర్చుంటాడు. నేను టీ తీసుకెళ్తే తల ఎత్తడు. పెళ్లై వచ్చిన కొత్తలో అది ఆయన పెద్దరికం అనుకున్నాను. తర్వాత అర్థమైంది, ఆయన లెక్కలో నేను అటెండరునని.

ఆ గదిలో ఒక ఇనుప బీరువా, అందులో ముప్పై రెండు పుస్తకాలు ఉన్నాయి. ఒక్కటీ కొన్నది కాదు. పడుచువాడిగా ఉన్నప్పుడు వారపత్రికల్లో వచ్చిన జానపద సీరియళ్లను వారం వారం కత్తిరించి దాచి, కథ అయిపోయాక కుట్టి, ఎర్రగుడ్డ అంటించినవి. వాటికి పేర్లు లేవు, వీపు మీద నంబర్లే. మా ఆయన నందకిశోర్ పేపరు కూడా తిరగేయడు. ఇక మిగిలింది నా కూతురు మాన్య, ఇంటర్ మొదటి సంవత్సరం.

"నా తర్వాత ఇవన్ని తూకానికి పోతయి వీణా," అన్నాడు మామ ఒకరోజు. "ఆ పిల్ల ఒక్కటి అడిగి చదివితే సాలు నాకు."

ఆయన నాతో మనసు విప్పి అన్న మాట అదొక్కటే. అందుకే ఆయన మీద నాకు పూర్తిగా కోపం రాదు.

మాన్య చదివేది వేరు. ఈ ఏడాది కాలేజీ పిల్లలందరి చేతుల్లో ఒకటే ఇంగ్లిషు నవల. నెత్తురు తాగే పిశాచి ఒకడు, మూడు వందల ఏళ్లవాడు, చూస్తే సినిమా హీరో. హాస్టల్లో నిద్రపోతున్న పిల్లను, ఆమె మంచికేనంటూ ఎత్తుకుపోయి తన బంగళాలో పెట్టి తాళం వేస్తాడు. నాలుగు వందల పేజీలు తిరిగేసరికి ఆమెకు వాడి మీద ప్రేమ పుడుతుంది. మాన్య దాన్ని స్నేహితురాలు ఆశ్రిత దగ్గర తెచ్చుకుంది. అప్పటికే పది చేతులు మారి పుస్తకం వీపు ఊడిపోయింది. కుట్టి ఇవ్వమని తాతకిచ్చింది. ఆ రోజు మామ ముఖంలో వెలుగు చూడాలి.

కుట్టడం గంట పని. ఆయన తొమ్మిది రోజులు ఉంచుకున్నాడు. పక్కన డిక్షనరీ పెట్టుకుని మొదటి నుంచి చివరిదాకా చదివాడు. నడుమ నడుమ నన్ను పిలిచి ఒకటే లొల్లి.

"ఏంది వీణా ఇది? వీడు దయ్యమా, ఇంటల్లుడా? ఎండల తిరుగుతడు, కారు నడుపుతడు. దయ్యమన్నంక దానికో కట్టడి ఉండాలె గద. మన నాలుగో నంబరుల మంత్రగత్తె లేదా, మగ్గం మీద వాగును నేస్తది. దారం తెగితే వాగు ఎండుతది. మాయంటే గట్లుండాలె."

"పిల్లలు సరదాకు చదువుకుంటరు మామా."

"తాళమేసినోని కోసం ఏడుస్తది ఆ పిల్ల. ఇది సరదానా?"

ఆయన అన్నదాంట్లో తప్పు లేదు. నేనూ కూరగాయలు తరుగుతూ యాభై పేజీలు చదివి పక్కన పడేశాను. అంత చెత్తగా ఉంది. కానీ నేను నా మాట నా దగ్గరే ఉంచుకున్నాను.

ఆఫీసులో తను కుట్టిన ప్రతి రిజిస్టరు చివర మామ ఒక నోట్ రాసి సంతకం పెట్టేవాడట, ఎన్ని పేజీలు, ఏ స్థితిలో ఉంది అని. ఆ అలవాటు కొద్దీ ఈ నవల చివరి ఖాళీ పేజీలో ఎర్ర ఇంకుతో ఇలా రాశాడు:

"ఈ గ్రంథాన్ని ఆసాంతం పరిశీలించడమైనది. కుట్టు గట్టిది, కథ నాసిరకం. ఆడపిల్లను అడగకుండా ఎత్తుకుపోవడాన్ని ప్రేమ అనరాదు. ఇటువంటివి చదివే పిల్లల బుద్ధి గురించి తల్లిదండ్రులు ఆలోచించవలెను. ఇంతకన్నా మేలైన కథలు నా వద్ద కలవు. నంబర్లు 4, 11, 19." కింద సంతకం, తేదీ.

మాన్య చూసుకోకుండానే పుస్తకాన్ని తిరిగి ఇచ్చేసింది. ఆ నోట్ ఆశ్రిత వాళ్ల నాన్న కంట పడింది. ఆయన ఆలోచించలేదు, పిల్ల అలమరలో ఉన్న పుస్తకాలన్నీ మూట గట్టి పాతపేపర్లవాడికి వేశాడు. చదువుకోమని కాలేజీకి పంపితే ఇదా అని ఫోను కూడా గుంజుకున్నాడు. మర్నాటి నుంచి ఆశ్రిత బస్సులో మాన్య పక్కన కూర్చోవడం మానేసింది.

మాన్య ఏడుస్తూ రాలేదు. చెప్పులు విప్పకుండా నేరుగా ముందుగదిలోకి పోయింది.

"నిన్ను కుట్టమన్న తాతా. జడ్జిమెంట్ ఇయ్యమనలే."

"ఉన్నమాట రాసిన బిడ్డా."

"దాని పుస్తకాలన్ని పోయినయి. నాతోని మాట్లాడ్తలేదు."

ఒక్క మాట, తప్పయింది బిడ్డా అంటే అయిపోయేది. మామ లేచి బీరువా తెరిచాడు. "పోతే పోనియ్యి. మంచియి నా దగ్గరున్నయి. ముందుగాల నువ్వు చదువు, తర్వాత ఆ పిల్లకియ్యి," అని పదకొండో నంబరు తీసి చేతిలో పెట్టాడు. మాన్య పుస్తకాన్నీ తాతనూ మార్చి మార్చి చూసి, తీసుకుంది. ప్రేమతో తీసుకోలేదని నాకు తెలుసు.

దానికి తెలుగు చదవడం ఆలస్యం. ఆదివారాలు మధ్యాహ్నం నేను చదువుతుంటే అది పక్కన పడుకుని వినేది. తప్పు పట్టాలనే మొదలుపెట్టింది గానీ, నాలుగో వారం కథ దాటేసరికి కోపం మర్చిపోయింది. ఉప్పుతో కట్టిన కోట. వాన వస్తే కోట కరిగిపోకుండా మబ్బులతో బేరమాడే ఏడుగురు అక్కచెల్లెళ్లు. చనిపోయినవాళ్ల ఉత్తరాలు మోసే గద్ద. "ఇంకొక్క వారం చదువమ్మా," అనేది. మామ గోడ అవతల కూర్చుని వినేవాడు. దగ్గు కూడా ఆపుకునేవాడు.

ఇరవై మూడో వారం దగ్గర అచ్చు ఆగిపోయింది. తర్వాత ఎనిమిది పేజీలు రూళ్ల కాగితం మీద నీలం సిరాతో చేతిరాత. ఆ వారం పత్రిక దొరక్క, కథ తెగిపోకుండా మామే రాసి కుట్టేశాడన్నమాట. చదివాను. మాయ లేపనం పూసుకుని యువరాజు కోటలోకి వస్తాడు. ఏడో చెల్లెలు నిద్రలో ఉంటుంది. మంచంతో సహా ఎత్తుకుపోయి గుహలో దించుతాడు. పొద్దున లేచి ఆమె అతన్ని చూసి సిగ్గుపడుతుంది. చివరి వాక్యం చదవగానే మాన్య లేచి కూర్చుంది.

సాయంత్రం పుస్తకం పట్టుకుని తాత ముందు నిలబడింది.

"తాతా, ఏడో ఆమెను ఎత్కపోయేముందు ఆయన అడిగిండా?"

"జానపదం బిడ్డా. అప్పటి కథలు గట్లనే ఉంటయి."

"ఇది అప్పటి కథ కాదు. నువ్వు రాసినవ్."

మామ పుస్తకం తీసుకుని ఆ పేజీలు తిప్పాడు. "తర్వాతి వారంల ఆమె గుహల ఉన్నది. గుహకెట్ల వచ్చిందో నాకేం ఎర్క? ఏదో ఒకటి రాయాలె గద."

"నడిచి రావచ్చు గద తాతా," అంది మాన్య.

మామ పుస్తకం మూసేశాడు. "పో, పరీక్షలున్నయి, చదువుకో పో," అన్నాడు.

మర్నాడు గది తలుపు వేసుకుని పుస్తకం కుట్టు విప్పాడు. ఆ ఎనిమిది పేజీలు తీసేసి మళ్లీ కుట్టాడు. అక్కడ ఏదో ఉండేదని వేలితో తడిమినా తెలియదు. అంత పనిమంతుడు. తెచ్చి మాన్య బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు. అది తెరిచి చూసి నన్ను అడిగింది, "తాత ఏమన్న అన్నడా అమ్మా?"

"ఏం అనలే."

"ఆశ్రిత గురించి?"

"లేదు."

మిగిలిన వారాలు చదవమని అది నన్ను మళ్లీ అడగలేదు. పదకొండో నంబరు నేనే తీసి బీరువాలో పెట్టాను. నాకు ఆయన మీద జాలి వేసింది. జాలి వేసినందుకు నా మీద నాకే చిరాకు వేసింది.

మొన్న మాన్య ఊడిపోయిన పుస్తకం ఒకటి బ్యాగులో పెట్టుకుని బయటికి పోతుంటే, మామ గుమ్మం దగ్గర ఆపాడు. సూది అప్పటికే ఎక్కించి పెట్టుకున్నాడు.

"ఇటియ్యి బిడ్డా, గంటల కుట్టి ఇస్త," అన్నాడు, చెయ్యి చాచి.

"వద్దు తాతా. జిరాక్స్ షాపాయన చదవకుంట బైండింగ్ చేసిస్తడు."