ఇన్‌స్పెక్టరు భోజనం, నా గుండెదడ

ఇన్‌స్పెక్టరు వస్తున్నాడంటే మిగతా మేష్టర్లకు పాఠాల భయం. నాకు వంట భయం. ఆత్మకూరు దగ్గర ఒక స్కూల్లో కొత్తగా చేరాను. నేనొక్కదాన్నే ఆడ టీచర్ని. అందుకని ఇన్‌స్పెక్టరు టిఫినూ భోజనమూ మా హెడ్మాస్టరు నా నెత్తిన వేసేవాడు.

"ఆడమనిషి ఉండంగ హోటలు కూడేందమ్మా? బాగుండదు," అనేవాడు.

పొద్దున్నే పొయ్యి దగ్గర పొగ మింగి, పప్పు దించి, పులుసు దించి, చీర మార్చుకుని స్కూలుకు పరుగెత్తేదాన్ని. ఆ ఇన్‌స్పెక్టరు ముందే నాలుగో తరగతికి లెక్కలు చెప్పాలి. నా కూర మెచ్చుకుంటూ తిన్నవాడే నా పాఠంలో పట్టు లేదని రాసిపోయేవాడు. ఇప్పుడు తలుచుకున్నా నాకు ఒళ్ళు మండుతుంది.

రెండో ఏడాదికి గుండెదడ మొదలైంది. పాఠం మధ్యలో ఊపిరి అందేది కాదు. ఒకసారి భాగహారం సగంలో వదిలేసి కుర్చీలో కూలబడ్డాను. డాక్టరు గొట్టం పెట్టి చూసి, "గుండెకేం లేదమ్మా, నీరసం," అని ఎర్రటి టానిక్కు ఇచ్చాడు. హెడ్మాస్టరైతే అందరి ముందే తీర్పు చెప్పేశాడు.

"పెళ్ళి చేసుకుంటే అన్నీ సర్దుకుంటాయిలే!"

మేష్టర్లు నవ్వారు. ఎందుకిట్లా అవుతోందని ఒక్కరూ అడగలేదు.

దసరా సెలవులకు మా ఊరు ఉదయగిరి వెళ్ళాను. ఇంటికి వచ్చిన చుట్టాలు తాయెత్తు కట్టించమన్నారు. ఎవరి కళ్ళో పడ్డాయన్నారు. అమ్మ వాళ్ళతో వాదించలేదు. తెల్లవారంగానే నన్ను లేపి కొండదారిన నడిపించింది. కాస్త ఎక్కాక ఒక బండ మీద కూర్చుని అడిగింది.

"ఏందిమే, ఆ దడ ఎప్పుడొస్తాది నీకు?"

ఎప్పుడైనా వస్తుందని చెప్పబోయి ఆగాను. ఇంటికి వచ్చినప్పటి నుంచి ఒక్కసారీ రాలేదు. స్కూల్లోనూ ఊరికే రాదు. "అమ్మా, ఇట్ట రా," అని హెడ్మాస్టరు గొంతు వినిపిస్తే, పాఠం మధ్యలోనైనా వస్తుంది. ఆ మాట పైకి అంటూనే ఏడుపు ముంచుకొచ్చింది. అమ్మ ఆపమనలేదు.

"మీ నాయన పోయినప్పుడు నాకూ ఇట్టనే అయింది. అందరూ ఓర్చుకోమనినారు. ఓర్చుకునే కొద్దీ గుండె పట్టేసేది. ఈ దారినే నడిచినాను, గట్టిగా ఏడిచినాను. నువ్వు మాత్రం ఆ వంట మానుకోగూడదా?"

"ఉద్యోగం పోతే?"

"వంట చెయ్యలేదని టీచరు ఉద్యోగం తీసేస్తారా? అట్టని ఏ పుస్తకంలో ఉండాది?"

సెలవులైపోయాక సాయంత్రాలు చెరువు కట్ట మీద నడవడం మొదలుపెట్టాను. దానికీ ఊరు ఊరుకోలేదు. పెళ్ళికాని పిల్లకు ఒంటరిగా కట్ట మీద ఏం పనని గుసగుసలు. నేను జబ్బుపడితే ఎవరికీ పట్టలేదు గానీ, నయం కావాలని నడిస్తే మాత్రం అందరికీ పట్టింది! మా ఇంటి ఓనరమ్మ, "పదమ్మా, నా మోకాళ్ళకూ మంచిదే," అంటూ నాతో బయల్దేరింది. ఆమెకు నా స్కూలు సంగతులన్నీ చెప్పేదాన్ని. చెప్పిన రోజు కంటినిండా నిద్ర పట్టేది.

మళ్ళీ ఇన్‌స్పెక్షన్ వచ్చింది.

"రేపు సారు వస్తా ఉండారు. వంకాయలు తెప్పించినాను," అన్నాడు హెడ్మాస్టరు.

గుండె దడదడలాడింది. బల్ల అంచు పట్టుకుని, ఊపిరి మెల్లగా వదిలి, అన్నాను.

"నేను వండను సార్. పాఠం చెప్పేదానికి వచ్చినాను."

"ఏందీ? ఇంత పొగరా?"

"పొగరు కాదు సార్. రెండు పనులు నా వల్ల కాదు."

మాట మాత్రం వెనక్కి తీసుకోలేదు. మర్నాడు బస్టాండు దగ్గరి హోటలు నుంచి క్యారియరు వచ్చింది. ఇన్‌స్పెక్టరు తృప్తిగా తిని, తేన్చి, సాంబారు బాగుండాదన్నాడు. నా పాఠం చివరిదాకా విని, ఈసారి ఏ వంకా పెట్టలేదు.

హెడ్మాస్టరు చాలాకాలం నాతో మాట్లాడలేదు. వర్షానికి కారే గది నా క్లాసుకిచ్చాడు. దడ పూర్తిగా పోలేదు గానీ, వస్తే ఎందుకొచ్చిందో నాకు తెలిసేది. ఒక్క క్యారియరుతో అయిపోయే పనికి అంతకాలం నన్ను పొయ్యి ముందు నిలబెట్టి, పైగా జబ్బు నాదేనన్నారు. ఆ మనుషుల్ని ఈ రోజుకీ నేను క్షమించలేదు.