మా కాళ్ళ కొలతకే

జంపక్క ఎడమ పాదానికి మూడే వేళ్ళు. మిగిలిన రెంటినీ నాలుగేళ్ళ కిందట దవాఖానాలో తీసేశారు.

దమ్మపేట నుంచి అడవి వైపు ఆరు కిలోమీటర్లు పోతే మొద్దులగుంపు వస్తుంది. నలభై రెండు కోయ ఇళ్ళు. జంపక్క పుట్టిందీ మెట్టిందీ ఆ ఊళ్ళోనే. చిన్నప్పుడు ఇప్పపూలు ఏరింది, తునికాకు కోసింది. పెళ్ళయ్యాక భర్తతో కలిసి రెండెకరాల్లో జొన్న, పత్తి వేసింది. భర్త జ్వరంతో పోయాక ఆ సేద్యం ఒంటిచేత్తో సాగలేదు. అప్పటికే చుట్టుపక్కల పొలాలు ఒక్కొక్కటీ పామాయిల్ తోటలైపోతున్నాయి. ఊరి ఆడవాళ్ళతో పాటు తనూ తోటల్లో గెలలు మోసే కూలికి పోవడం మొదలుపెట్టింది.

పామాయిల్ మట్టకు రెండు పక్కలా రంపపు పళ్ళలాంటి ముళ్ళుంటాయి. మగవాళ్ళు పొడుగాటి గడకు కట్టిన కత్తితో మట్టలూ గెలలూ కోసి పడేస్తారు. ఆడవాళ్ళు ఆ మట్టల మధ్యే తిరుగుతూ గెలలు ఎత్తి ట్రాక్టరు దాకా మోయాలి. హవాయి చెప్పులు ఆ ముల్లును ఆపలేవు. బూట్లు కొందామంటే అవి వాళ్ళకు పట్టవు. పుట్టినప్పటి నుంచి వట్టి కాళ్ళతో నడిచిన పాదాలు వేళ్ళ దగ్గర వెడల్పుగా విచ్చుకుని ఉంటాయి. ఏ నెంబరు బూటు తొడిగినా మడమ దగ్గర వదులు, వేళ్ళ దగ్గర బిగువు.

ఒక వానాకాలం జంపక్క కాల్లో ముల్లు విరిగింది. పిన్నీసుతో తీసుకుని, పసుపు పెట్టుకుని మర్నాడు మళ్ళీ పనికి పోయింది. వారానికి పాదం నల్లబడింది. రెండు నెలలు మంచంలో ఉండి, కర్ర పట్టుకుని తోటకు వెళ్ళేసరికి యజమాని వెంకటేశ్వరరావు గట్టు మీద నిలబడి ఉన్నాడు.

"చూసుకుని నడవాలి కదా జంపక్కా. తోటన్నాక ముళ్ళుండవా?" అన్నాడు.

"ముళ్ళుంటయని నాకెరికే సారూ. మా కాళ్ళకు చెప్పులు లేవని మీకెరికనా?"

ఆయన నవ్వి, ఫోను తీసుకుని పక్కకు పోయాడు. చెడ్డ మనిషేం కాదు, కూలి ఎగ్గొట్టేవాడు కాదు. కానీ ఆ నవ్వు తనకు ముల్లు కన్నా లోతుగా దిగిందని జంపక్క తర్వాత చాలామందికి చెప్పింది, నాకూ చెప్పింది.

ఆ సాయంత్రమే ఆమె దమ్మపేట బస్టాండు పక్కన కూర్చునే ముసలయ్య దగ్గరికి వెళ్ళింది. ఆయన వంశమంతా చెప్పులు కుట్టినవాళ్ళే. ఇరవై ఏళ్ళుగా మాత్రం తెగిన పట్టీలు అతకడం, సంచుల జిప్పులు మార్చడం తప్ప కొత్త జత కుట్టమని అడిగినవాళ్ళు లేరు. జంపక్క తన ఎడమ పాదం ఆయన ముందు పెట్టింది.

"పెద్దయ్యా, దీనికి చెప్పు కుడ్తవా?"

ముసలయ్య ఆ పాదాన్ని జానతో కొలిచి చూశాడు. "కుడ్త. గని మామూలు అట్ట పనికిరాదు. సత్తుపల్లి బొగ్గు గనుల్ల బొగ్గు మోసే బెల్టు ఉంటది సూడు, అది అరిగినంక పాతసామాను దుకాణానికి వస్తది. అది ఏస్తే ఏ ముల్లూ దిగదు."

మర్నాడు జంపక్క సత్తుపల్లి బస్సెక్కి, తలకు మించిన బరువుతో బెల్టు ముక్క మోసుకొచ్చింది. ముసలయ్య మూడు రోజులు కూర్చుని జత కుట్టాడు. అడుగున బెల్టు, పైన చీలమండ దాకా మందపాటి టార్పాలిన్ గుడ్డ. ఎడమది మూడు వేళ్ళ కొలతకు, కుడిది ఐదు వేళ్ళ కొలతకు. జంపక్క వాటిని తొడుక్కుని తోటలో అందరూ చూస్తుండగా కోసిపడేసిన మట్టల గుట్ట ఎక్కి అటూ ఇటూ నడిచింది. ఆడవాళ్ళు గెలలు కింద పెట్టి చూశారు.

"నాక్కూడా కావాలె," అంది ఒకామె. ఆ మాట నలుగురి నోట వచ్చింది, తర్వాత నలభై మంది నోట.

దమ్మపేటలో జాకెట్లు కుట్టే షాకేరా దగ్గరే ఈ కూలీలందరూ ముళ్ళకు చిరిగిన జాకెట్ల చేతులు కుట్టించుకునేవాళ్ళు. విషయం విని ఆమె తనే మొద్దులగుంపుకు వచ్చింది. "చేతులు గాలికొదిలి కాళ్ళకే కుడ్తరా జంపక్కా? ముంజేతికి రెండు పొరలు, భుజం మీద గెల ఒత్తుకోకుండ మెత్త, అట్ల చొక్కా కోసిస్త నేను. నా మిషను తెస్త. నన్ను కలుపుకోండి."

అలా ముగ్గురయ్యారు. మిగిలిన పని మొద్దులగుంపుతో కలిపి చుట్టుపక్కల నాలుగు ఊళ్ళు చేశాయి. జంపక్క ఇంటింటికీ కుంటుతూ తిరిగి ఒకే మాట చెప్పింది: ఇంటికొక రోజు కూలి ఇవ్వండి, లేదా ఒక రోజు పని చేయండి, ఇచ్చిన ప్రతి ఇల్లూ దీనికి యజమానే. రెండు వందల పది ఇళ్ళు ఒప్పుకుని సంఘంగా ఏర్పడ్డాయి. కూడిన డబ్బుతో ఇంకొన్ని మిషన్లు, సరుకు కొన్నారు. పాడుబడిన ధాన్యం గోదాముకు మగవాళ్ళు రేకులు వేశారు. బడి వరండాలో పాత పేపర్లు పరిచి పాదాల కొలతలు తీశారు. తన కాలు ఇంకొకరు ముట్టుకోవడమేమిటని ముసలివాళ్ళు సిగ్గుపడ్డారు. ముసలయ్య కింద కూర్చోబోతే జంపక్క ఒప్పుకోలేదు. ఆయనకు కుర్చీ వేయించి, కొలతకు వచ్చినవాళ్ళను బల్ల మీద నిలబెట్టింది. "ఇన్నేండ్లు నువ్వు ఒంగినవ్, ఇగ సాలు," అంది.

తప్పు కూడా ఆమే చేసింది. వానలు తరుముకొస్తున్నాయి. ప్రతి జతనూ దారంతో కుట్టాలని ముసలయ్య పట్టుబట్టాడు. అంత టైము లేదని జంపక్క గమ్ముతో అతికించమంది. నూట ఎనభై జతలు పంచారు. రెండో వానకే బురదలో అడుగులు ఊడి వచ్చాయి. పైగుడ్డ కాలికి మిగిలింది, బెల్టు బురదలో ఉండిపోయింది.

ఆ బుధవారం సంతలో వెంకటేశ్వరరావు నలుగురిలో అన్నాడు: "మీకెందుకమ్మా ఈ బాధ? ఆ మిషన్లు, సరుకు నాకిచ్చేయండి. ఎవరు పెట్టింది వాళ్ళకు తిరిగిచ్చేస్తాను. బుద్ధిగా పనిలోకి రండి."

కొందరు సరేననే ముఖాలు పెట్టారు. జంపక్క ఊడిపోయిన చెప్పులు బస్తాలో తెచ్చి సంత మధ్యలో కుమ్మరించింది.

"గమ్ముతోటి అతికియ్యమన్నది నేను. పెద్దయ్య వద్దన్నడు. తిట్టాలంటే నన్ను తిట్టుండ్రి. గని ఇది అమ్మేది కాదు. సార్ మన కాళ్ళు కొనుక్కొని ఏం చేస్తడు? నాకు పదిహేను రోజులియ్యండి."

తిట్టినవాళ్ళు తిట్టారు. మర్నాడు పొద్దున గోదాము దగ్గరికి పదకొండు మంది ఆడవాళ్ళు వచ్చారు. మైనం రాసిన నైలాన్ దారంతో అడుగును ఎలా పట్టుకోవాలో ముసలయ్య నేర్పాడు. పదిహేను రోజులు చాలలేదు, ఏడు వారాలు పట్టింది. ఆ ఏడు వారాలూ ఆలస్యానికి సమాధానం చెబుతూ జంపక్క ఊళ్ళు తిరిగింది. నూట ఎనభై జతలూ తిరిగి ఎవరి కాళ్ళకు వాళ్ళవి చేరాయి. ఈసారి వాన ఓడిపోయింది.

అప్పుడు వెంకటేశ్వరరావు తోటలో కబురు పెట్టాడు. సంఘంలో ఉన్నవాళ్ళు పనిలోకి రానక్కర్లేదని. తెల్లారి నాలుగు ఊళ్ళ ఆడవాళ్ళూ కొత్త చొక్కాలు, కొత్త చెప్పులు తొడుక్కుని తోట గేటు దగ్గర నిలబడ్డారు. రానిస్తే అందరినీ రానివ్వాలి, లేకపోతే ఒక్కరూ రారు. ముందురోజు కోసిన గెలలు లోపల పడి ఉన్నాయి. కోసిన గెల ఒక్క రోజు ఆగితే ఫ్యాక్టరీలో ధర పడిపోతుంది. బయటి నుంచి కూలీలను తెప్పించాలని చూశాడు. వచ్చినవాళ్ళు ఆడవాళ్ళ కాళ్ళ వైపు చూసి, మాకూ అలాంటివి ఇప్పిస్తేనే దిగుతామన్నారు.

మూడో రోజు ఆయనే గోదాముకు వచ్చాడు. షాకేరా మిషను ఆపలేదు.

"అరవై జతలు, అరవై చొక్కాలు కావాలి. కూలీలకు నేనే ఇస్తాను. వాటి మీద మా తోట పేరు వేయండి."

"వరుస ఉన్నది సారూ," అంది జంపక్క. "చండ్రుగొండ దిక్కు వాళ్ళవి నూట పది ముందున్నయ్. మీది తర్వాత. పేరు మాత్రం ఎయ్యం."

"డబ్బు నాది కదా?"

"కాళ్ళు మావి."

ఆయన జేబులోంచి డబ్బు తీసి లెక్కపెట్టాడు. తర్వాత అడ్వాన్సు ఇచ్చి వెళ్ళిపోయాడు. సరుకు నెలన్నరకు అందింది, తోట పేరు లేకుండానే.

ఇప్పుడు ఆ గోదాములో పంతొమ్మిది మంది పని చేస్తున్నారు. అన్నీ సర్దుకున్నాయని కాదు. చొక్కా ఎండాకాలం ఉడికిస్తోందని గొడవ పెడితే షాకేరా గుడ్డ మార్చి మార్చి చూస్తోంది. ముసలయ్యకు చూపు తగ్గింది. బెల్టు కోసే పని వేరేవాళ్ళకు అప్పగించి, కుట్టు బిగువు మాత్రం వేలితో తడిమి చెబుతున్నాడు. కరెంటు పోయిన రోజు సగం పనే.

గోదాము వెనక గోడ మీద బొగ్గుతో కొన్ని తోటల పేర్లు రాసి ఉన్నాయి. చెప్పులు, చొక్కాలు తొడుక్కుంటే పని నెమ్మదిస్తుందని లోపలికి రానివ్వని తోటలవి. వాటిల్లోకి ఈ నాలుగు ఊళ్ళ నుంచి ఎవరూ కూలికి పోరు. యజమాని దారికి వస్తే జంపక్క తన చేత్తోనే ఆ పేరు తుడిచేస్తుంది. మొదట తొమ్మిది పేర్లు ఉండేవట. నేను వెళ్ళినరోజు మూడున్నాయి.