ఫర్హీన్ మెహందీ, సాత్విక గోళ్లు

మా పక్కింటి మెకానిక్ రఫీక్ కూతురు ఫర్హీన్ నరసరావుపేటలో డిగ్రీ చదువుతోంది. ఆ పిల్ల గట్టిగా నవ్విందంటే వాళ్ల నాన్న షెడ్డులో మొరాయించిన స్కూటర్లన్నీ వాటంతటవే స్టార్టవుతాయి. నమ్మకపోతే మీ ఇష్టం. నేను పనిచేసిన కాన్వెంటులో మదర్ కూడా నా మాట ఏనాడూ నమ్మలేదు.

ఫర్హీన్, ఆమె కాలేజీ స్నేహితులు గుండెజబ్బున్న పిల్లలకు తోడుంటారు. గుంటూరు ఆసుపత్రికి తీసుకెళ్తారు, రక్తమిస్తారు, వార్డులో ఆడిస్తారు. టీ ఫ్లాస్కు మోసే ఉద్యోగం నాది. ఒక్కొక్కరు ఒక్కో పిల్లను చూసుకోవాలి. ఫర్హీన్ వంతుకు క్రోసూరు నుంచి సాయిసాత్విక వచ్చింది.

గుండెజబ్బు వల్ల సాత్విక గోళ్లు నీలంగా ఉండేవి. "ఏమే, సిరా తాగినావా?" అని బళ్లో పిల్లలు ఏడిపిస్తే చేతులు గౌనులో దాచుకునేది.

"సాగర్ నీళ్ల కింద ఒక పట్నముంది. అక్కడి రాణులకే నీలం గోళ్లుంటాయి. నేను బస్సులో పోయి చూసొచ్చా" అన్నాను.

"నీళ్లల్లో బస్సేంది తాతా?" అంది కానీ, ఒక చెయ్యి మాత్రం బయటికి తీసింది.

ఫర్హీన్ వాళ్లింట్లో ఏ శుభకార్యమైనా ముందు చేతికి మెహందీ పడాల్సిందే. ఆపరేషన్ మాత్రం శుభకార్యం కాదా అనుకుందేమో, ఆసుపత్రిలో చేరే ముందురోజు సాత్విక అరచేతులు, వేళ్లు నింపేసింది. గోళ్లు కనబడకుండా కప్పేసింది. కాలి గోళ్లనూ వదల్లేదు. సాత్విక మొదటిసారి చేతులు ఊపుకుంటూ బస్సెక్కింది.

వార్డులో నర్సు ఆ వేళ్లు పట్టుకుని నిలబడిపోయింది. "గోళ్లకిదేందమ్మా? మేము చూడాల్సింది గోటి రంగే! ఆక్సిజన్ చూసే క్లిప్పూ వేలికే పెట్టాలి. ఎవరు చేశారీ పని?"

ఫర్హీన్ వెంటనే తుడవబోయింది. సబ్బు, నిమ్మకాయ, కొబ్బరినూనె, ఏది రుద్దినా ఆ ఎరుపు కదల్లేదు. "ఆపరేషన్ ఆపేస్తారా సిస్టర్?" అంటూ ఏడ్చేసింది.

సాత్విక తల్లి సుబ్బలక్ష్మి ఆమె భుజం తట్టింది. "ఏడవబాకమ్మా. బిడ్డ నవ్వాలనేగా పెట్టినావు."

అంతలో డాక్టరు వచ్చాడు. సాత్విక చేతులు చూసి, "ఎవరిదమ్మా పెళ్లి?" అన్నాడు. క్లిప్పు చెవి తమ్మెకు తగిలించి, రంగు చూడటానికి నాలుక చాపమన్నాడు. సాత్విక గడ్డం దాకా చాపింది. క్లిప్పు అంకె చూపించింది.

"చెవి చాలు. రేపు ఆపరేషన్ ఉంటుంది" అని ఫర్హీన్ వైపు తిరిగాడు. "ఇంకెప్పుడూ ఇట్లా చేయబాక."

ఆపరేషన్ బాగా జరిగింది. గోళ్లు పెరిగి పాత ఎరుపు పోయేసరికి వేసవి గడిచింది. బడులు తెరిచే ముందు సాత్విక మా వీధికి వస్తే, ఫర్హీన్ మెహందీ కోను తీసుకుని కూర్చుంది.

సాత్విక చెయ్యి వెనక్కి లాక్కుంది. "అరచేతిలో పెట్టక్కా. గోళ్లకొద్దు."

"ఏమే, నా మెహందీ నచ్చలేదా?"

"బళ్లో అందరికీ చూపియ్యాలక్కా" అంటూ వేళ్లు చాపింది. గోళ్లు గులాబీ రంగులో ఉన్నాయి.

ఫర్హీన్ నవ్వలేక, ఏడవలేక కోనులో మిగిలినదంతా నా గోళ్లకు పూసేసింది. ఇప్పుడు నాకు జ్వరమొచ్చినా డాక్టరుకు చెవే చూపించాలి.