గుండ్రాయి ఆగిన చోటు

నర్సీపట్నంలో సింహాద్రమ్మ గుండ్రాయి కింద నలిగి చచ్చిన నవలలు అక్షరాలా మూడొందల పన్నెండు. సంతకం పెట్టడం కూడా రాని మనిషి, వీధరుగు మీద చింతపండు కొట్టుకుంటూ, యలమంచిలి నుంచి గొలుగొండ దాకా ఉన్న రచయితలందరి చేతా కన్నీళ్ళు పెట్టించింది. మొదట చిక్కినవాడు మన్మథరావు.

అది డెబ్బై ఎనిమిదో సంవత్సరం. అతను తాలూకా ఆఫీసులో గుమస్తా, సింహాద్రమ్మ ఇంట్లో పెరటిగదికి అద్దెదారు. ఆ గది నుంచి వీధిలోకి రావాలంటే ఆవిడ అరుగు దాటక తప్పదు. అరుగు నిండా ఏజెన్సీ నుంచి దిగిన చింతపండు బస్తాలు. ఆవిడా, పక్కింటి అప్పయమ్మా పొద్దస్తమానం గుండ్రాళ్ళతో కొట్టి పిక్కలు తీసేవారు.

మన్మథరావు ఒకే నవలను రెండేళ్ళలో రెండు పోటీలకు పంపాడు. కాగితానికి ఒకవైపే, మార్జిన్ వదిలి, ముత్యాల్లాంటి దస్తూరీతో రాసి, తిరుగుటపాకి స్టాంపులు కూడా జతచేశాడు. ఆ స్టాంపులు వృథా పోలేదు. రెండుసార్లూ పోస్టుమాన్ కట్టను తెచ్చి సింహాద్రమ్మ చేతిలోనే పెట్టాడు.

"బాబూ, నీ కట్ట మల్లీ ఇంటికొచ్చేసింది. పుట్టింటి మీద బెంగెట్టుకున్నట్టుంది," అందావిడ వీధంతా వినేలా.

మూడో పోటీకి కట్ట పోస్టు చెయ్యడానికి ఒక శనివారం ఆఖరి రోజు. ఇదీ పోతే ఇక కలం ముట్టనని మన్మథరావు ఒట్టు పెట్టుకున్నాడు. ఆ పొద్దున సెలవు పెట్టి, కట్ట చంకన పెట్టుకుని బయల్దేరితే, గుమ్మానికి అడ్డంగా నడుమెత్తు బస్తా.

"కూకో బాబూ. ఈసారి నాకు సదివి ఎల్లు."

"పోస్టాఫీసు మూసేస్తారు పిన్నిగారూ."

"తొమ్మిదైనా అవలేదు. రెండుసార్లు లోపలికి మోసినదాన్ని. అందులో ఏటుందో నాకు తెలవొద్దా?"

కూచుని చదివాడు. మొదటి పదకొండు పేజీలూ సూర్యోదయమే. గుండ్రాళ్ళ చప్పుడు హెచ్చింది. అతను గొంతు పెంచాడు, చప్పుడూ పెరిగింది.

"ఇంకా తెల్లారలేదేటే?" అంది అప్పయమ్మ.

"ఆ ఊళ్ళో కోడి సచ్చిపోనాదేమో," అంది సింహాద్రమ్మ.

పన్నెండో పేజీలో దేవుడమ్మ అనే పిల్ల అత్తవారింటి నుంచి పారిపోయి బస్సెక్కింది. సింహాద్రమ్మ గుండ్రాయి గాల్లోనే ఆగిపోయింది.

"ఆ పిల్ల సేతిలో ఏటుంది?"

మన్మథరావు కాగితాలు తిరగేశాడు. "రాయలేదండీ. పెట్టె అనుకోండి."

"పెట్టె సర్దుకోనిస్తారేటి అత్తోరు? నువ్వు రాసిన పిల్లే కదా, నీకు తెలీదా?"

అతనికి తెలీదు. రెండేళ్ళుగా ఆ పిల్ల కళ్ళను ఏడు పూలతో పోల్చాడు గానీ చేతుల వంక చూడనేలేదు. పన్నెండింటికి సింహాద్రమ్మ బస్తా పక్కకి జరిపింది. అతను లేవలేకపోయాడు. పెన్సిల్ తీసుకుని మళ్ళీ మొదటి నుంచి చదివాడు. రాయి మోగిన చోటల్లా గీత కొట్టాడు, ఆగిన చోట చుక్క పెట్టాడు. సాయంత్రానికి మూడొందల పేజీల్లో సగం మీద గీతలున్నాయి. పోస్టాఫీసు ఎప్పుడో మూసేశారు.

"పోటీ పోయిందండీ," అన్నాడు నీరసంగా.

"పోనీ. ఆ పిల్ల సేతిలో ఏటుందో బేగి సెప్పు."

ఒట్టు కలానికే గానీ పెన్సిల్‌కి కాదనుకున్నాడు. ఆర్నెల్లు గది నుంచి అరుగు, అరుగు నుంచి గది. జైల్లో ఖైదీకైనా శిక్ష ఎన్నాళ్ళో తెలుస్తుంది. గొడుగన్నాడు, గుండ్రాయి మోగింది. ఫొటో అన్నాడు, మోగింది. చివరికి ఒక ఆదివారం, అరుగు ముందు బట్టలారేస్తున్న అప్పయమ్మను చూసి అన్నాడు:

"తడిచీరండీ. ఆరేస్తానని బయటికొచ్చి, అలాగే బస్సెక్కేసింది."

రాయి ఆగింది. "ఆఁ. ఇప్పుడు ఎల్లింది ఆ పిల్ల," అంది సింహాద్రమ్మ.

ఎనభైలో ఒక వారపత్రిక ఆ నవలను సీరియల్‌గా వేసింది. పోస్టుమాన్ ఈసారీ ఒక కట్ట తెచ్చి ఆవిడకే ఇచ్చాడు.

"మల్లీ వచ్చేసిందేటి?"

"పాఠకుల ఉత్తరాలమ్మా."

ఇరవై మూడు ఉత్తరాలు. అందులో పందొమ్మిది తడిచీర గురించే. తీసేసిన సూర్యోదయం గురించి ఒక్కరూ అడగలేదు.

ఆ తర్వాత కథ ఊరంతా పాకింది. నోళ్ళు మారిన కొద్దీ ఒక నవల పదై, పది కాస్తా వందై, మూడొందల పన్నెండు దగ్గర స్థిరపడింది. ఎనభై అయిదులో ఎవరో ఆ లెక్క ఆవిడ ముందే చెబితే, రాయి ఆపకుండానే అంది:

"మూడొందలేటి, ఒకటే. దాన్నీ నాను సంపలేదు, గీతలెట్టింది ఆ బాబు. నాను సింతపండు కొట్టుకున్నాను. కత బాగుంటే సెయ్యి ఆగీది."