ఆదివారాలు ఓడిపోయే బాబాయి

మా చిన్నప్పుడు ఆదివారం వచ్చిందంటే మా బాబాయి కిందపడాలి... అది రూలు.

బాబాయిది రైల్వేలో వ్యాగన్లు బాగుచేసే ఉద్యోగం. శ్రీకాకుళం వైపు నుంచి రాయ్‌పూర్ వచ్చి, గుఢియారీ అఖాడాలో కుస్తీ నేర్చుకుని, అక్కడే వస్తాదు అయ్యాడు. మా పద్మక్కను కూడా పధ్నాలుగో ఏట గోదాలోకి దింపాడు. అఖాడా పెద్దలు ఊరుకోలేదు. ఆడపిల్ల కాలు పెడితే మట్టి మైలపడుతుందట... రోజూ మగవాళ్ల చెమటా ఉమ్మీ ఇంకినా మైలపడని మట్టి. బాబాయి వాదించి వాదించి, చివరికి అక్కనూ ఇంకో ఐదుగురు అమ్మాయిలనూ వెంటేసుకుని బయటికి వచ్చేశాడు.

అప్పుడు దొరికాడు సేఠ్. ఉర్లాలో ఇనుము ఫ్యాక్టరీ ఆయనది. బీర్‌గావ్‌లో ఖాళీగా ఉన్న తన షెడ్డులో అసలైన కుస్తీ పరుపు వేయించాడు. రోజూ పాలు, నానబెట్టిన బాదం... నిజం చెప్పాలి. ఆ పరుపు లేకపోతే అక్క ఆట అక్కడితో ఆగిపోయేది.

కానీ సేఠ్‌కు ఇవ్వడంతో సరిపోలేదు. తనూ పహిల్వాన్ అనిపించుకోవాలి. ఆదివారం పొద్దున్నే కొత్త ట్రాక్‌సూట్‌లో, ఫొటోగ్రాఫర్‌తో సహా దిగేవాడు. బాబాయి చేయి పట్టుకుని గుంజేవాడు. ఎనభై కిలోల మా బాబాయి తనంతట తానే పల్టీ కొట్టి వెల్లకిలా పడేవాడు. "వాహ్ సేఠ్‌జీ" అని మేనేజర్లు చప్పట్లు కొట్టేవారు.

మొదట్లో నవ్వొచ్చేది. తర్వాత కడుపు మండింది. "ఎందుకు పడతావు బాబాయ్?" అని ఒకసారి అడిగేశాను.

"పడితే ఏటైపోద్దే గుంటా... పరుపు మెత్తగానే ఉంది కదా," అన్నాడు మోచేయి రుద్దుకుంటూ.

దాతలు లేకపోతే ఆటలే లేవని నాతో వాదానికి దిగే మిత్రులారా... ఆయన ఇచ్చింది పరుపు. పుచ్చుకున్నది మా బాబాయి పరువు. ఇందులో ఎవరు దాతో మీరే తేల్చండి.

ఛత్తీస్‌గఢ్ కొత్త రాష్ట్రంగా ఏర్పడిన తొలి రోజులవి. అక్కకు పదహారేళ్లు. ఆడపిల్లల జట్టును ఎంపిక చేస్తున్నారని కబురొచ్చింది. గెలిస్తే జాతీయ పోటీలకు పంపుతారు. ఓడితే పెళ్లి. నాన్న పోయాక మా ఇంటి పెద్దరికం పెదనాన్నది. ఆయన అప్పటికే ఒక సంబంధం చూసి ఉంచాడు. "ఈ ఒక్కసారి ఆగండి బావగారూ" అని అమ్మ బతిమాలి గడువు తెచ్చుకుంది. అక్క బతుకంతా ఆ ఆరు నిమిషాల కుస్తీ మీద వేలాడుతోంది.

పోటీలో కోచ్‌కు ఒక్కటే కుర్చీ. అందులో ఎవరు కూర్చున్నారో చెప్పక్కర్లేదు. బాబాయి మాతోపాటు మెట్ల మీద. ప్రేక్షకుల్లోంచి ఎవరైనా సలహాలు అరిస్తే బయటికి పంపేస్తామని అధికారి ముందే చెప్పాడు.

"ధక్కా మార్, ధక్కా మార్" అని సేఠ్ ఒకటే కేకలు. అక్క నెట్టడం, దుర్గ్ నుంచి వచ్చిన ప్రత్యర్థి అమ్మాయి అదే ఊపుతో అక్కను లాగి పడేయడం... సగం ఆట ముగిసేసరికి అక్క ఐదు పాయింట్లు వెనకబడింది.

ముప్పై సెకన్ల విరామం. బాబాయి లేచి నిలబడ్డాడు. గుళ్లో నిలబడ్డట్టు రెండు చేతులూ జోడించి, కళ్లు పైకెత్తి, తెలుగులో ఎత్తుకున్నాడు. "ఓలమ్మీ పద్దూ, తొయ్యకే. దాన్నే మీదకి రానీ. వచ్చినప్పుడు ఒంగి, ముందుకేసిన కాలట్టీ."

ఏమిటా అరుపులని అధికారి తల తిప్పాడు. "క్యా చిల్లా రహే హో?"

అమ్మకు హిందీ అంతంతమాత్రం. అయినా తడుముకోలేదు. "భగవాన్ కో బోల్తా హై సాబ్... మన్నత్."

అధికారి ఆ జోడించిన చేతులు చూసి, దేవుడి మొక్కే కాబోలని వదిలేశాడు.

కింద సేఠ్ తువ్వాలు అందిస్తూ ఏదో చెబుతున్నాడు. అక్క ఆయనకు వీపు పెట్టి మెట్ల వైపు తిరిగింది. బాబాయి మాటలు వింటూ తలూపింది. సేఠ్ కూడా ఇటు చూశాడు. ఆయనకు తెలుగు రాదు... తెలియాల్సింది మాత్రం తెలిసింది.

తర్వాత అక్క ఒక్కసారి కూడా నెట్టలేదు. ఆ అమ్మాయి మీదికి వచ్చినప్పుడల్లా కాలు దొరకబుచ్చుకుంది. ఆఖరి నిమిషంలో ఆమె వీపును పరుపుకు ఆనించేసింది. ఇక పాయింట్ల లెక్క లేదు, గెలుపు అక్కదే.

గెలిచినవాళ్లు ముందు గురువు కాళ్లకు మొక్కడం కుస్తీలో ఆనవాయితీ. సేఠ్ లేచి నిలబడ్డాడు, ఫొటోగ్రాఫర్ సిద్ధమయ్యాడు. అక్క వాళ్ల పక్కనుంచే వచ్చి, మెట్లెక్కి, బాబాయి కాళ్లు పట్టుకుంది.

మూడో రోజు షెడ్డు ముందు సేఠ్ పంపిన లారీ ఆగింది, పరుపు తీసుకుపోవడానికి. బాబాయే ఒక కొస భుజానికెత్తుకుని లారీ ఎక్కించాడు. "నావల్లే కదా బాబాయ్..." అని అక్క ఏడ్చింది.

"నీవల్లేనే. ఇకనుంచి ఆదివారం నిమ్మళంగా తొంగుంటాను."

జాతీయ పోటీలకు నెల రోజులే ఉంది. రైల్వే క్వార్టర్ల ఆడవాళ్లు ఇళ్లల్లోని పాత బొంతలన్నీ మోసుకొచ్చారు. మా క్వార్టర్ల వెనక ఎండుగడ్డి పరిచి, బొంతలు పేర్చి, పైన లారీ టార్పాలిన్ కప్పి, దబ్బనాలతో, పురికొసతో కుట్టేశారు. పక్కింటి ఛత్తీస్‌గఢీ అవ్వ కళ్లు చికిలించి కుడుతూ, "హమర్ నోనీ గిరహీ త ఝన్ లాగయ్" అంది... మన పిల్ల పడితే దెబ్బ తగలకూడదని.

ఆ ఎగుడుదిగుడు పరుపు మీదే సాధన చేసి అక్క వెళ్లింది. పతకం రాలేదు. రెండో కుస్తీలో ఓడిపోయింది. కానీ రాష్ట్రం పేరున్న బనియన్‌తో ఇంటికొచ్చిన పిల్లను చూశాక, పెదనాన్న సంబంధం ఊసెత్తలేదు.

ఇప్పుడు అక్క బీర్‌గావ్‌లో ఒక ప్రభుత్వ హాల్లో కుస్తీ నేర్పుతోంది. సాయంత్రమైతే ఫ్యాక్టరీ కార్మికుల కూతుళ్లు పరిగెత్తుకుంటూ వస్తారు. మైల మాట అక్కడ ఎవరి నోటా రాదు. వాళ్ల కింద పరుపు మనందరి పన్నుల డబ్బుతో వచ్చింది, ఏ సేఠ్ దయా కాదు. ఇలాగే ఉండాలని ఇన్నేళ్లుగా గొంతు చించుకుంటున్నాను, తిట్లూ తింటున్నాను. ఈ ఒక్క చోటైనా జరిగింది కదా...

అయినా, వాడంతా ఒక బొంత చుట్టూ కూర్చుని కుట్టిన ఆ మధ్యాహ్నాలు మాత్రం ఇప్పుడు వెతికినా దొరకవు.

దాతల పేర్లు శిలాఫలకాల మీద ఎలాగూ ఉంటాయి. మీరు పడినా దెబ్బ తగలకూడదని కింద ఏదో ఒకటి పరిచినవాళ్లు మీకూ ఉండే ఉంటారు... వాళ్ల పేర్లు ఇక్కడ రాయండి. చదవాలని ఉంది.