గడ్డం ఉన్న ఆ చిన్న చేప కోసం కుప్పం దాకా

మదనపల్లెలో టమాటా మండీలో లెక్కలు చూసే మనిషికి సముద్రపు చేపలతో ఏం పని అని మా ఇంట్లో అందరూ అడుగుతారు. వాళ్ళ ప్రశ్నలో న్యాయం ఉంది. మా వైపు చేపలంటే చెరువులో దొరికే రోహూ, జిలేబీలే. కానీ ఒకసారి చెన్నైలో వలలోంచి అప్పుడే తీసిన చేపల రంగులు చూశాక నాకు పిచ్చి పట్టుకుంది. కొత్త చేప కనిపిస్తే దాని పేరు తెలిసేదాకా మనసు ఊరుకోదు. ఇంట్లోవాళ్ళు దీన్ని జబ్బు కింద జమకట్టి వదిలేశారు. ఈ జబ్బు ఒకరికి పనికొస్తుందని మాత్రం నేనూ అనుకోలేదు. పోయిన నెలలో పుంగనూరు నుంచి నూర్జహానక్క ఫోన్ చేసింది. బస్టాండు దగ్గర మధ్యాహ్నం నుంచి చేపలు వేయించి అమ్ముతుందామె. “శైలా, నా కొట్టు మూతపడేట్టుండాది మే. ఒకసారి రామ్మా” అంది. ఆ గొంతు విన్నాక వెళ్ళకుండా ఎలా ఉంటాను?

శనివారం భోజనం చేసి పల్లెవెలుగు ఎక్కాను. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్ళకు టికెట్ సున్నా కాబట్టి ఈ ప్రయాణంలో బస్సు ఖర్చు గురించి నేను చెప్పగలిగింది పెద్దగా లేదు. మగవాళ్ళు కండక్టర్‌ను అడగండి. గంటలోపే పుంగనూరు. నూర్జహానక్క కొట్టు దగ్గర ఎప్పుడూ నిలబడ్డానికి చోటుండదు. ఆ రోజు బాండలి చల్లగా ఉంది, ఆమె స్టూలు మీద ఊరికే కూర్చుని ఉంది. ఆమె చెప్పింది విన్నాక నాకు కోపం, నవ్వు రెండూ వచ్చాయి. రామసముద్రం నుంచి గొర్రెల పనిమీద వచ్చే వెంకటప్ప అనే పెద్దాయన ఆమెకు పాత గిరాకీ. ఆయన ఒకరోజు వేయించిన చేపను పైకెత్తి, దాని గడ్డం కింది రెండు మీసాలు చూసి, “ఇది గవర్నమెంటోళ్ళు వద్దన్న ఆఫ్రికా క్యాట్‌ఫిష్షమ్మా, ఇది తింటే రోగాలొస్తాయి” అన్నాడట. అంతటితో ఆగకుండా వాళ్ళ వాట్సాప్ గ్రూపులో మాట్లాడి పెట్టాడు. ఆ వాయిస్ ఊరంతా తిరిగింది. మా వైపు మీసం ఉన్న ప్రతి చేపా క్యాట్‌ఫిష్షే మరి!

“క్యాట్‌ఫిష్‌కు మీసాలు నోటి చుట్టూరా ఉంటాయక్కా, దీనికి గడ్డం కింద రెండే. పైగా దానికి పొలుసుండదు” అన్నాను, ఆమె పెట్టెలో మిగిలిన చేపను తీసి చూస్తూ.

“దీనికి మాత్రం యాడుండాది పొలుసు?” అంది ఆమె. నిజమే, చేప నున్నగా ఉంది. తోక లేదు, వీపు మీద రెక్క లేదు. కుప్పంలో సెల్వం అనే వ్యాపారి పొలుసు గీకి, రెక్కలు కత్తిరించి, థర్మాకోల్ పెట్టెలో పెట్టి బస్సుకు వేస్తాడు. శుభ్రంగా పంపమని చెప్పింది ఈమే. తల మాత్రం ఉండాలి, తల లేని వేపుడు మావాళ్ళు ముట్టరు. అంటే అనుమానం పుట్టించే మీసాలు మిగిలాయి, అనుమానం తీర్చే పొలుసు, తోక కుప్పంలోనే ఆగిపోయాయి. ఇన్నేళ్ళుగా ఆ చేపను ఆమె నిండుగా చూడనే లేదు. “నేనేం అమ్ముతాండానో నాకే తెలీదు మే. నా మనవరాలికీ ఇదే పెట్టినా” అని కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. నేను ఎంత చెప్పినా అది నా మాటే అవుతుంది. ఆమె తన కళ్ళతో చూడాలి. పద కుప్పం అన్నాను.

పుంగనూరు నుంచి కుప్పానికి దారి పలమనేరు, వీకోట మీదుగా. సాయంత్రం బయలుదేరితే చీకటి పడేసరికి చేరుకున్నాం. వీకోట దాటాక గ్రానైట్ దిమ్మెలు మోసే లారీల వెనక బస్సు నత్తనడక నడుస్తుంది, ఓపిక ఉండాలి. రైల్వే స్టేషన్ దగ్గర లాడ్జిలో ఇద్దరికీ గది ఎనిమిది వందలు, వేడినీళ్ళు పొద్దున మాత్రమే. పొద్దున్నే ఆటో ఎక్కితే డ్రైవరు మమ్మల్ని ఎగాదిగా చూసి, “చేపలకోసరం పుంగనూరు నుంచి వస్తిరా? ఆడ మీకు కోళ్ళు లేవా?” అన్నాడు. నూర్జహానక్క చాలా రోజుల తర్వాత నవ్వింది.

మేం సెల్వం దుకాణం చేరేసరికి తమిళనాడులోని వాణియంబాడి వైపు నుంచి వ్యాను వచ్చి ఆగింది. సెల్వం పెట్టె మూత తీసి ఐసు పక్కకు తోశాడు. “ఇదాన్ మా మీ నవర” అన్నాడు, ఇదేనమ్మా అని. నవర అన్నది తమిళం వైపు పేరు, మన కోస్తాలో గులివింద అంటారు. నేను ఫోటోల్లో ఎన్నిసార్లు చూశానో, అయినా ఇంకా దగ్గరికి వంగాను. జానెడు కూడా లేని చేప. వెండి ఒంటికి గులాబీ నీడ, పక్కల రెండు పసుపు చారలు. ఆవకాయ జాడీ అంచున నూనె మెరిసినట్టు మెరుస్తున్నాయి. ఈలోగా సెల్వం చేయి అలవాటుగా కత్తెర మీదికి పోయింది. “ఆగప్పా!” అని నూర్జహానక్క అతని మణికట్టు పట్టేసుకుంది.

ఫోన్‌లో ఫోటోలు తెరిచి ఒక్కొక్కటే పోల్చాం. ఈ గులివిందల్లో తోక మీద నల్ల పట్టీలుండే రకాలున్నాయి, దీని తోక మీద ఒక్క పట్టీ లేదు. ముందు వీపు రెక్క విప్పితే కొస నల్లగా ఉంది. పక్కల చారలు రెండే. ఒక్కటైతే అనుమానించేదాన్ని, మూడూ కలిశాయి. పసుపు చారల గులివింద, శాస్త్రంలో యుపెనియస్ సల్ఫ్యూరియస్. తర్వాత గడ్డం కిందికి గోరు పోనిచ్చి మీసాలు బయటికి తీశాను. వాడనప్పుడు వాటిని గడ్డం కింద గాడిలోకి మడిచి పెట్టుకుంటుంది. సముద్రం అడుగున ఇసుకలో ఆ మీసాలు ఆడిస్తూ, వాటితోనే రుచి చూస్తూ తిండి వెతుక్కుంటుందని చెప్పాను.

“మీసంతో రుచి సూస్తుందా?” అంది నూర్జహానక్క. మీసాన్ని వేలితో మెల్లగా లాగి వదిలింది. మళ్ళీ లాగింది. “యా అల్లా, ఎంత ముద్దుగా సేసినావు దీన్ని” అంది. సెల్వం కూడా వంగి చూశాడు. రోజూ పెట్టెలకొద్దీ కత్తిరించే మనిషి ఇంకో చేప తీసి తానూ మీసం లాగి చూశాడు. ఇసుక అడుగున తడుముకుంటూ బతికిన ప్రాణం, బోరు వేస్తే నీళ్ళు పడతాయో లేదో తెలియని మా మెట్టసీమకు వచ్చి మా చేతుల్లో ఉంది.

ముక్క కోయకుండా చేపలు ఐసులో కట్టించుకుని దొరికిన తొలి బస్సు పట్టుకున్నాం. పుంగనూరు చేరేసరికి పసుపు చారలు సగం వెలిసిపోయాయి. నాకు దిగులేసింది కానీ పొలుసు, తోక, నల్ల కొస ఎక్కడికీ పోలేదు. నూర్జహానక్క వాటిని స్టీలు పళ్ళెంలో నిండుగా పరిచి కొట్టు ముందు పెట్టింది. ఆదివారం కాబట్టి వెంకటప్ప వస్తాడని ఆమెకు తెలుసు. వచ్చాడు, కానీ చూడనట్టు దాటిపోబోయాడు.

“యాల పోతాండావప్పా? తినొద్దులే, సూడు” అని పిలిచింది.

ఆయన మొహమాటంగా ఆగాడు. ఆమె ఆయన వేలు పట్టుకుని తోక నుంచి తలవైపు పొలుసుకు ఎదురు రాయించింది. గరగరమంది. ఆయన మొహం మారిపోయింది. చేపను తలకిందులు చేసి మీసాలు చూసి, “ఇది క్యాట్‌ఫిష్ యాడికమ్మా, మా మేకపోతు గడ్డం మాదిరే ఉండాది” అన్నాడు. ఇంగ్లీషులో దీన్ని గోట్‌ఫిష్, అంటే మేక చేప అనే అంటారని నేను చెబితే నమ్మలేనట్టు నావైపు చూశాడు. తర్వాత ఫోన్ తీసి, అక్కడే నిలబడి, అదే గ్రూపులో గట్టిగా చెప్పాడు: “నేను వెంకటప్పను. నూర్జహానమ్మ చేప గురించి ఆ పొద్దు నేను చెప్పింది తప్పు. ఇది సముద్రం చేప. పొలుసుండాది, నా చేత్తో సూసినా.” ఫోన్ జేబులో పెట్టుకుని బెంచీ మీద కూర్చున్నాడు. “నాకు రెండు వేయించమ్మా.”

నూర్జహానక్క కత్తెర తీసి ఒక్క క్షణం ఆగింది. “తోక తియ్యాల్నా?”

“ఉండనీమ్మా. అందరూ సూడనీ.”

ఆమె పొయ్యి వెలిగించింది. చాలా రోజుల తర్వాత ఆ బాండలిలో నూనె చిటపటలాడుతుంటే నాకు ఏడుపొచ్చింది, పొగ అని సర్దుకున్నాను. పేరు కనుక్కోవడం నాకు ఇన్నాళ్ళూ సరదా. ఒక పేరు ఒక మనిషి తలెత్తుకునేలా చేస్తుందని ఆ రోజు చూశాను. మెట్టసీమ ఊళ్ళలో సముద్రపు చేప కొనేవాళ్ళకు ఒక్క మాట: తెల్లవారుజామున, పెట్టె విప్పే వేళకే వెళ్ళండి. కత్తెర పడకముందు చేపను నిండుగా చేతిలోకి తీసుకుని, రెక్క విప్పి, తోక చూసి, ఒక ఫోటో తీసుకోండి. శుభ్రం చేయించడం ఆ తర్వాత.